జాడ చేప

మద్దిచెట్ల మడుగు దగ్గర వీరవేణి చెయ్యెత్తింది. గంగులు గెడను నేలకు ఆనించి నావను నిలబెట్టాడు. పొద్దు అప్పుడే కొండ దాటింది. నీళ్ళ మీద ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది.

"ఎటువైపు?" అని గొంతు తగ్గించి అడిగింది డాక్టర్ సలోమి.

వీరవేణి వెంటనే చెప్పలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆమె రవిక కింద, రెండు డొక్కల మీదా అరచేతి వెడల్పున మెత్తటి పట్టీలు అంటించి ఉన్నాయి. నీళ్ళలో ఎక్కడో ఈదుతున్న ఒక చేప ఒంటికి ఏది తగిలితే అది ఆ పట్టీల్లో తగులుతుంది. మొదట చల్లగా, ఏమీ లేనట్టు ఉంది. తరవాత ఎవరో పక్కనుంచి రాసుకుంటూ వెళ్ళినట్టయింది. తరవాత ఇంకొకరు. మరి కాసేపటికి, పెళ్ళివారి బండిలో ఇరుక్కుని కూర్చున్నప్పుడు అటూ ఇటూ ఒళ్ళు ఆనుకున్నట్టు, రెండు డొక్కలూ వెచ్చగా నిండిపోయాయి.

"దొరికేరండి," అంది. "ఎడం ఒడ్డున, ఆ కూలిన మద్ది వేరు కింద. పెద్ద బొరియ. ముప్ఫై మంది పైనే ఉంటారు."

చేపలను ఆమె 'మంది' అని లెక్కపెడుతుందని సలోమి ఎప్పుడో గమనించింది. ఎన్నడూ దిద్దలేదు.

గంగులూ ఇంకో ఇద్దరు మనుషులూ నడుం లోతు నీళ్ళలోకి దిగి, సన్నటి ఇనప తీగతో అల్లిన వలను వేరు చుట్టూ నిలబెట్టారు. బొరియలోకి వెదురు గెడ పోనిచ్చి కలియబెట్టారు. నీళ్ళు బురదగా పొర్లాయి. వల పైకి లాగేసరికి నలభై ఒక్క దెయ్యం చేపలు. నల్లటి ఎముక పెంకు, దాని మీద పులిచారలు, రెక్కలకు రంపంలాంటి ముళ్ళు, నోటికి బదులు కిందివైపు గుండ్రటి పీల్చుడుతిత్తి. ఒకదాని రెక్కకు మాత్రం పసుపుపచ్చ దారం కుట్టి ఉంది. సలోమి దాన్ని ఏరి బకెట్‌లో వేసింది. మిగిలిన నలభయ్యీ ఐసు డ్రమ్ములోకి వెళ్ళిపోయాయి.

బకెట్‌లోని చేపను సలోమి తిప్పి చూసి, దెబ్బలేమీ లేవని రూఢి చేసుకుని, మళ్ళీ ఏట్లో వదిలిపెట్టింది.

ఆ వదిలిన క్షణం వీరవేణికి ఎప్పుడూ గండమే. నిండా జనమున్న ఇంట్లోంచి అందరూ ఒక్కసారి లేచి వెళ్ళిపోయినట్టుండేది. ఆమె నావ అంచు పట్టుకుని, తల వంచుకుని, అది సర్దుకునేదాకా ఆగింది.

"కాసేపు తీసేయమంటారా?" అంది సలోమి.

"ఒద్దండి. ఎటెళ్తాదో చూడాలి కదా. అప్పుడే ఎతుక్కోడం మొదలెట్టింది."

*

వెదుళ్లేరు కొండల్లో పుట్టి, నూట పది కిలోమీటర్లు తిరిగి, గోదావరిలో కలుస్తుంది. దాని ఒడ్డునే పెదరేవు. ఊళ్ళో ఎనభై గడపల వాళ్ళు వల మీద బతికేవారు. వాలుగలూ కొరమేనులూ బొమ్మిడాయిలూ జెల్లలూ, వానాకాలం వస్తే పరకలూ. దెయ్యం చేప ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియదు. పట్నాల్లో అద్దాల తొట్లలో పాచి తింటుందని కొనుక్కునే చేప అది. జానెడు దాటాక తొట్టిలో ఇమడదు. చంపడానికి చేతులు రాక ఎవరో తెచ్చి వాగులో వదిలారు. అది మూర దాటి పెరిగింది, పిల్లల్ని పెట్టింది. గట్లను బొరియలు చేసి కూలగొట్టింది. మిగతా చేపల గుడ్లను ఏటి అడుగున నాకేసింది. వల్లో పడితే వలను కోస్తేగాని ఊడిరాదు, ఊడొచ్చినా కూరకు పనికిరాదు. ఆరేళ్ళు గడిచేసరికి పెదరేవులో వలలన్నీ చూరుకు ఎక్కాయి.

వీరవేణి భర్త సింహాద్రి పడమటి సముద్రం ఒడ్డున ఉన్న వెరావల్ రేవుకు వెళ్ళిపోయాడు. అక్కడ సముద్రం బోట్ల మీద పని. ఏడాదికోసారి వచ్చి ఇరవై రోజులుండేవాడు. పిల్లలు లేరు. వీరవేణి ఉప్పు చేపలు గంపలో పెట్టుకుని కొండ సంతలకు తిరిగేది. సాయంత్రానికి ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించాక, వండేది తనొక్కదానికేనని గుర్తుకొచ్చి కాసేపు నిలబడిపోయేది.

అతను వెళ్ళిన రెండో ఏడు సలోమి వచ్చింది. నలభై దాటిన మనిషి, గుంటూరు వైపు ఆవిడ. ఏటి ఒడ్డున పాడుబడ్డ పాత బంగళాను బాగుచేయించి, నీళ్ళ తొట్లూ యంత్రాలూ దింపింది. ఊరి వాళ్ళను పిలిచి ఒక దెయ్యం చేపను చూపించింది.

"దీని తలలో బియ్యపు గింజంత చిప్ పెట్టాం. పొట్టలో మందు గొట్టం పెట్టాం. ఆ మందు ఒంట్లో ఉన్నంతకాలం ఇది ఒంటరిగా ఉండలేదు. మిగతావి ఏ మడుగులో ఉన్నా, ఏ బొరియలో దాక్కున్నా వెతుక్కుంటూ పోతుంది. దీనికి పిల్లలు పుట్టవు, వెతకడం ఒక్కటే దీని పని. మనం దాని వెనకే పోయి పట్టుకుంటాం. దీన్ని మాత్రం మళ్ళీ వదులుతాం."

"మరి మాతో పనేంటండి?" అన్నాడు ఊరి పెద్ద సూరన్న.

"అది ఎక్కడుందో రేడియో చెబుతుంది సూరన్నగారూ. దానికి తోడు దొరికిందో లేదో చెప్పదు. ఆ సంగతి చేప ఒంటికి తెలుసు. దాని డొక్కల వెంబడి ఒక గీత ఉంటుంది, పక్కన ఇంకో చేప కదిలితే ఆ గీతకు తెలుస్తుంది. కంప్యూటర్‌కు నేర్పాలని చూశాం. ఏరు రోజుకో రకంగా ఉంటుంది, అది రోజూ తప్పే చెప్పింది. మనిషి చర్మం నేర్చుకుంటుందేమో చూడాలి."

ఇరవై ముగ్గురు పట్టీలు కట్టించుకుని చూశారు. కొందరికి చక్కిలిగింత పెట్టినట్టుంది, కొందరికి ఏమీ తెలియలేదు. వీరవేణి పది నిమిషాలు కదలకుండా కూర్చుంది.

"ఏమనిపించింది?" అంది సలోమి, కలం తీసి.

"పొద్దు గూకే ఏళ ఇంట్లో ఎలాగుంటాదో అలాగుందండి."

సలోమి రాసుకోబోయి, ఆగి, కలం మూసేసింది.

మొదటి ఆరు చేపలూ చచ్చిపోవడమో, కొంగల పాలవడమో జరిగింది. ఏడోది నిలిచింది. బంగళాలో అందరూ దాన్ని 'ఏడు' అనేవారు. పిలిచినప్పుడల్లా ఏడవమన్నట్టుంది, ఆ పేరు ఒద్దని వీరవేణి అంది. తను మాత్రం 'మావోడు' అనేది.

*

మూడేళ్ళపాటు మావోడు వెతికాడు, వీళ్ళు పట్టారు. బంగళా గోడ మీద ఏరు బొమ్మ గీసి ఉండేది. ఖాళీ అయిన మడుగు మీద సలోమి సున్నం చుక్క పెట్టేది. మొదటి ఏడు ఒక్కో మడుగులో వందలు. రెండో ఏడు పదులు. ఆ పైన నాలుగో ఐదో.

తోడు తగ్గేకొద్దీ చేప తిరిగే దూరం పెరిగింది. మునుపు పూటలో దొరికేవాళ్ళు ఇప్పుడు పదిరోజులకు గాని దొరికేవారు కాదు. ఆ పదిరోజులూ వీరవేణి డొక్కల్లో చల్లటి నీళ్ళు జారుతూనే ఉండేవి. పట్టీలు తీస్తే చేప ఎప్పుడు ఎవరిని కలుస్తుందో తెలియదు కాబట్టి, స్నానానికి తప్ప తీసేది కాదు. ఒక ఆదివారం సలోమి బలవంతం మీద తీసేసి చూసింది. మధ్యాహ్నానికి తనే బంగళాకు నడిచి వచ్చి కట్టించుకుంది.

"తీసినా అలాగే ఉందండి," అంది. "పైగా అదేటైపోయిందోనని బెంగొకటి."

ఇంట్లో నిలవలేకపోయేది. సాయంత్రమైతే సంత సెంటర్లో బస్సులు ఆగే చోటికి వెళ్ళి సిమెంటు బల్ల మీద కూర్చునేది. బస్సు కోసం కాదు. పక్కన ఎవరైనా కూర్చుంటారని. బల్ల నిండితే ఆమెకు బాగుండేది. బస్సొచ్చి అందరూ ఎక్కేశాక లేచి వచ్చేసేది. పిలవని పేరంటానికి కూడా వెళ్ళి ఒక మూల కూర్చునేది. ఊళ్ళో ఆడవాళ్ళు మొదట నవ్వుకున్నారు, తరవాత నవ్వడం మానేశారు.

సింహాద్రి వెరావల్ నుంచి ఫోన్ చేసేవాడు. వెనకనుంచి ఇంజను చప్పుడు వినబడేది.

"ఏం చేత్తన్నావే?"

"చేపని చూత్తన్నాను."

"ఎక్కడ?"

"కనబడదు మావా. ఉంది."

ఇంకా చెప్పాలనుకునేది. మాటలు అందేవి కావు. అతను ఒకటి రెండు వాన సంగతులు అడిగి పెట్టేసేవాడు.

మూడో ఏడు మాఘంలో ఎగువ రాళ్ళలో రెండు దొరికాయి. ఆ పైన ఒక్కటీ దొరకలేదు. చైత్రం వచ్చింది. ఏట్లో పరకలు కనిపించాయి, వాటి వెనకే జెల్లలు. ఒక ఉదయం సూరన్న వలలో బొమ్మిడాయి పడితే ఊరంతా వెళ్ళి చూసింది. చూరుల్లోంచి వలలు దిగాయి.

కబురు విని సింహాద్రి పెట్టె సర్దుకుని వచ్చేశాడు. ఇక వెళ్ళనన్నాడు. కొత్త వల అల్లుకుంటూ అరుగు మీద కూర్చుంటే, వచ్చీ పోయేవాళ్ళు ఆగి పలకరించేవారు.

బంగళాలో సలోమి వీరవేణికి లెక్క చెప్పింది. "ఏడాదిపాటు ఈ 'ఏడు' చేపకు ఎవరూ దొరక్కపోతే ఏరు శుభ్రమైనట్టు రాస్తాం. మాఘం నుంచి మాఘానికి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత దాన్నీ తీసేస్తాం."

నూట పది కిలోమీటర్ల ఏట్లో ఇప్పుడు అదొక్కటే. పైకి వెళ్ళేది, కిందికి వచ్చేది. ప్రతి బొరియలోకీ దూరి చూసి బయటికొచ్చేది. అది దూరిన ప్రతిసారీ వీరవేణి ఊపిరి బిగబట్టేది.

సింహాద్రి తనే పులుసు కాచి పళ్ళెం ముందు పెట్టాడొకరోజు. ఆమె రెండు ముద్దలు తిని, చెయ్యి పళ్ళెంలోనే ఉంచి, ఏటివైపు చూస్తూ ఉండిపోయింది.

"నేనొచ్చి ఐదు నెలలైంది, వేణీ," అన్నాడతను. "నువ్వింకా నేను వెరావల్లో ఉన్నట్టే ఉన్నావు."

"ఒళ్ళిక్కడే ఉంది మావా."

"అదే చెప్తన్నాను. ఒళ్ళే ఉంది."

ఆమె చెయ్యి కడుక్కుంది. అతను మిగిలింది తిన్నాడు.

*

పుష్యమాసం చివర, ఇంకో ఇరవై రోజులకు ఏడాది నిండుతుందనగా, వీరవేణి అరుగు మీద గోంగూర ఒలుస్తోంది. ఎడమ డొక్క మీద ఏదో తగిలింది.

చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. మళ్ళీ తగిలింది. తరవాత కుడివైపు. ఒకరు కాదు, ఇద్దరు. చేప గిరుక్కున తిరిగి వాళ్ళ మధ్యకు దూరడం, దూరి కదలకుండా ఆగిపోవడం ఆమెకు తెలిసింది. పదకొండు నెలలుగా ఒంట్లో జారుతున్న చల్లదనం ఆగిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది, అది దుఃఖం కాదు.

నాలుగింటికి బంగళా నుంచి ఫోన్ వచ్చింది. రోజూ వచ్చేదే.

"ఏమైనా ఉందా వీరవేణిగారూ?"

"లేదండి," అంది.

ఎందుకన్నదో ఆమెకు తెలుసు. ఉందంటే రేపు పొద్దున్న నావ వెళ్తుంది. ఆ ఇద్దరినీ తీసుకొచ్చి ఐసులో వేస్తారు. మావోణ్ణి మళ్ళీ వదులుతారు. ఒక్క రోజు ఉండనిద్దాం అనుకుంది. మర్నాడు కూడా అదే అనుకుంది.

మూడో రోజు సలోమి అడిగింది. "రేడియోలో అది తుంగ మడుగు దగ్గరే ఆగిపోయినట్టుంది. కదలడం లేదెందుకు?"

"అలిసిపోయిందేమోనండి."

"సరే," అంది సలోమి, కొంచెం ఆగి.

ఆ రోజుల్లో వీరవేణి కడుపునిండా తింది. ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. పులుసులో ఉప్పు ఎక్కువైందని సింహాద్రి అంటే, సముద్రంలో బతికొచ్చిన వాడికి ఉప్పెక్కువేంటని అంది. అతను తెల్లబోయి చూసి నవ్వాడు. ఇద్దరూ కలిసి రేవుకు వెళ్ళి వల ఆరేశారు. అతను వెరావల్లో తనతో పనిచేసిన ఒడియా మనిషి సంగతి చెబుతుంటే ఆమె మధ్యలో ప్రశ్నలడిగింది. ఐదో రోజు సాయంత్రం ఆమె జడలో పువ్వు చూసి అతను, "ఇయ్యాల్టికి ఇంటికొచ్చేవే," అన్నాడు.

ఆరో రోజు పొద్దున్న అతను ఏటి మీదనుంచి తొందరగా వచ్చేశాడు. తుంగ మడుగుకు ఎగువన వేశానని చెప్పి, కొత్త వలను అరుగు మీద పరిచాడు. నడిమధ్యన జానెడు చిరుగు. ఆ చిరుగు అంచున రంపంలాంటి నల్లటి ముల్లు ఒకటి విరిగి ఇరుక్కుని ఉంది.

"చేప పోయింది. ఇది మిగిలింది," అన్నాడు. "అయిపోయాయన్నారు కదే."

వీరవేణి ఆ ముల్లును చూసింది. ఆమె నోరు విప్పింది దాచడానికి ఇక వీల్లేదని కాదు. ఆ వల అతను నాలుగు నెలలు కూర్చుని అల్లాడు.

"నాకు తెలుసు మావా," అంది. "ఇద్దరున్నారు. మావోడికి కనబడ్డారు."

"ఎప్పుడు?"

"ఆరు రోజులైంది. మేడంగారికి చెప్పలేదు."

సింహాద్రి వల ముందు కూర్చున్నాడు. చిరుగులో వేళ్ళు పెట్టి వెడల్పు చూశాడు.

"ఈ ఆరు రోజులూనా?" అన్నాడు.

ఏ ఆరు రోజులో ఇద్దరికీ తెలుసు. ఆమె తలూపింది.

అతను లేచి చొక్కా తొడుక్కున్నాడు. "పద, బంగళాకి."

*

సలోమి విని, మొదట అడిగింది ఒకటే. "ఏ రోజు దొరికింది? సరిగ్గా చెప్పండి."

వీరవేణి చెప్పింది. సలోమి వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, పెట్టె తీసుకుని నావ దగ్గరికి నడిచింది. తిట్టలేదు. నావ సగం దూరం వెళ్ళాక, నీళ్ళవైపు చూస్తూ అంది.

"ఒక్కచోటే ఆరు రోజులు ఆగిందంటే అర్థమేంటో నాకు తెలియాలి. తెలిసింది కూడా. ఏడాది నిండిపోతే బావుండుననుకున్నాను. అందుకే మీరు అలిసిపోయిందంటే నమ్మేశాను."

తుంగ మడుగు ఒడ్డున గంగులు గడ్డపారతో గట్టు తవ్వాడు. బొరియ మోచేతి లోతుకు పైనే ఉంది. ఆడదీ మగదీ రెండు దెయ్యం చేపలు, వాటి మధ్య పసుపు దారం చేప. ఎగువన ఎవరో మళ్ళీ తొట్టి ఖాళీ చేసి ఉంటారు. బొరియ చివర మట్టిలో గుడ్ల పొరలు అంటుకుని ఉన్నాయి, పల్చగా, ఉల్లిపొరల్లా. పిల్లలు లేవు.

సలోమి ఒక పొరను వేలి మీదకు తీసుకుంది. "రెండు మూడు రోజులైంది పొదిగి."

ఆరు రోజుల కిందట అవి గుడ్లు. ఒక బకెట్‌లో పట్టేవి. ఇప్పుడు ఎన్ని వందలో, ఎంత దూరం వెళ్ళాయో ఎవరికీ తెలియదు. గంగులు గడ్డపార కడుక్కున్నాడు. సింహాద్రి ఏటి దిగువకు చూస్తూ నిలబడ్డాడు.

ఆ రెంటినీ ఐసులో వేశారు. బకెట్‌లో మావోడు ఒక్కడే గోడల వెంట గిరగిరా తిరుగుతున్నాడు. వీరవేణి డొక్కలు పట్టుకుని ఒడ్డున కూలబడింది.

"దీన్ని ఇప్పుడే వదలాలి," అంది సలోమి. "పిల్లలు దూరం పోకముందే."

"దీన్నొద్దండి."

"ఇంకో చేపను తయారుచేయడానికి నెల పడుతుంది వీరవేణిగారూ."

"పట్టనీండి. తప్పు నాది. ఆ నెల్లో అయ్యే నట్టం కూడా నా పేరునే రాయండి. మూడేళ్ళు దీని చేత చేయించేం. ఎతికి ఎతికి ఎవర్ని పట్టుకున్నా ఆళ్ళని చంపేసేం. ఇంక చాలండి దీనికి."

సలోమి బకెట్‌లోకి చూసింది. తరవాత పెట్టె తెరిచి లవంగనూనె సీసా తీసింది. నీళ్ళలో కలిపితే చేపకు మత్తు వస్తుంది, ఇంకొంచెం కలిపితే ఆ మత్తు వదలదు.

"ముందు పట్టీలు తీసేయనివ్వండి."

"ఉండనీండి," అంది వీరవేణి.

సలోమి నూనె చుక్కలు వేసి కలిపింది. వీరవేణి రెండు చేతులూ నీళ్ళలో పెట్టింది. చేప ఒకసారి తప్పించుకుంది, రెండోసారి ఆగింది. ఆమె అరచేతులను దాని రెండు పక్కలా మెల్లగా ఆనించింది. పెంకు గరుగ్గా ఉంది.

అప్పుడు ఆమె డొక్కల మీద రెండు అరచేతులు ఆనుకున్నట్టయింది. అవి తన చేతులేనని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. చేపకు తగులుతున్నది తిరిగి తనకే తగులుతోంది. మూడేళ్ళుగా అది ఎంతమంది మధ్యకు దూరిందో అంతమంది మధ్యా తనూ కూర్చుంది. ఇప్పుడు దాని పక్కన ఉన్నది తనే. చేప ఒకవైపుకు ఒరిగి ఆమె చేతికి బరువు ఆనించింది. చేతుల వెచ్చదనం చాలాసేపు ఉంది. తరవాత పల్చబడింది. తరవాత పట్టీలు వట్టి గుడ్డముక్కల్లా ఉన్నాయి.

*

ఆ ఆదివారం మత్స్యకారుల సంఘం పాకలో వీరవేణి లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. సలోమి చెబుతానంటే ఒప్పుకోలేదు. సూరన్న అంతా విని తల వంచుకుని కూర్చున్నాడు.

"ఆరు రోజులకి అంత సుఖం ఏటొచ్చిందమ్మా?" అన్నాడు చివరికి. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

ఎవరూ జరిమానా అనలేదు, వెలి అనలేదు. కాని ఆ రోజునుంచి రేవులో ఆమె దిగిన మెట్టు మీదకు ఇంకొకరు దిగేవారు కాదు. సంత సెంటర్లో బల్ల మీద ఆమె కూర్చుంటే పెదరేవు వాళ్ళు నిలబడే బస్సు కోసం చూసేవారు. పట్టీలు లేని ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఆ తేలిక ఆమెకు అలవాటు కాలేదు. ఎవరైనా పక్కన నడిస్తే తెలిసేది కాదు, తిరిగి చూస్తేనే తెలిసేది.

సలోమి పైవాళ్ళకు పంపిన కాగితంలో తన తప్పు కూడా రాసింది. ఇంకో రెండేళ్ళు పని పొడిగించారు. బంగళాలో కొత్త చేప తయారైంది. కాని దాన్ని వినే మనిషి కావాలి. వీరవేణికే మళ్ళీ కట్టడానికి సలోమికి మనసొప్పలేదు. చుట్టుపక్కల మూడు ఊళ్ళ నుంచి పద్దెనిమిది మందిని కూర్చోబెట్టి చూసింది. ఎవరికీ అందలేదు.

పంతొమ్మిదోవాడుగా సింహాద్రి వెళ్ళాడు. ఇంట్లో చెప్పలేదు. సలోమి కబురు చేస్తే వీరవేణి బంగళాకు వచ్చింది. అతను చొక్కా లేకుండా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, రెండు డొక్కల మీదా పట్టీలు. పక్క గదిలో తొట్టిలో కొత్త చేప ఒంటరిగా తిరుగుతోంది.

"ఏం తెలుస్తోందో ఆమెకు కూడా చెప్పండి," అంది సలోమి.

"ఎవరూ లేరండి," అన్నాడు సింహాద్రి. "అటు చూత్తే లేరు, ఇటు చూత్తే లేరు. మళ్ళీ అటే చూడాలనుంటాది."

సలోమి గంగులును పిలిచి తొట్టిలో ఇంకో చేపను వేయించింది. ఇద్దరికీ కనబడకుండానే. సింహాద్రి ఉలిక్కిపడి ఎడమ డొక్క తడుముకున్నాడు. "వచ్చేరు. ఒకరు."

ఇన్ని వందల మైళ్ళ అవతల, ఇంజను చప్పుడులో, ఇన్నేళ్ళు అతను ఎలా ఉన్నాడో వీరవేణి ఎన్నడూ అడగలేదు. వచ్చాక ఈ ఇంట్లో పది నెలలు ఎలా ఉన్నాడో కూడా అడగలేదు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

"ఒక్క మనిషికి ఇది కట్టకండి మేడంగారూ," అంది. "ఈసారి ఇద్దరికీ కట్టండి. ఓ రోజు ఈయన, ఓ రోజు నేను."

సలోమి ఒప్పుకోవడానికి రెండు రోజులు తీసుకుంది.

ఫాల్గుణంలో ఒక పొద్దున్న తుంగ మడుగులోనే కొత్త చేపను వదిలారు. ఆ రోజు వంతు సింహాద్రిది. నావలో ముందు బల్ల మీద అతను కూర్చున్నాడు, వెనక వీరవేణి, మధ్యన రేడియో పెట్టుకుని సలోమి. గంగులు రాలేదు, గెడ వీరవేణి చేతిలోనే ఉంది.

చేప దిగువకు సాగింది. నావ దాని వెనకే వెళ్ళింది. గంట గడిచింది. సింహాద్రి వీపు మెల్లమెల్లగా వంగుతూ రావడం ఆమె చూస్తూనే ఉంది. ఒకసారి చెయ్యి చాపి నావ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"వేణీ," అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

"ఆఁ."

"మూడేళ్ళూ ఇదేనా?"

"ఇదే."

నీళ్ళు నావ అడుగున చప్పుడు చేస్తున్నాయి. వీరవేణి గెడను సలోమి చేతికిచ్చింది. సలోమికి గెడ వేయడం రాదు, అయినా పట్టుకుంది. వీరవేణి ముందుకు వచ్చి, భర్త కూర్చున్న బల్ల మీదే, భుజానికి భుజం తగిలేటట్టు కూర్చుంది. అతను కొంచెం జరిగి చోటిచ్చాడు. నావ కాసేపు అడ్డంగా తిరిగి, తరవాత ప్రవాహం ఎటు లాగితే అటు మళ్ళింది.